చిటికెడు పొడి నుంచి తొట్టెడు దాకా

(రసాయనశాస్త్ర ఉపన్యాసకుడు ద్వారకనాథ్ పదవీ విరమణ సందర్భంగా 1986లో హోసూరులోని ఒక కల్యాణ మంటపంలో పూర్వ విద్యార్థులు ఏర్పాటు చేసిన సభలో ఆయన చేసిన ప్రసంగం)

సభకు అధ్యక్షత వహించి, నన్ను గురించి నాకే తెలియని ఎన్నో మంచి సంగతులు చెప్పిన పెద్దలు కోదండరామయ్యగారికి, కృష్ణగిరి నుంచి, సూళగిరి నుంచి, కావేరిపట్టణం నుంచి బస్సులు పట్టుకుని వచ్చిన నా విద్యార్థులకు, ఇన్నేళ్ళూ నా పక్క గదుల్లో పాఠాలు చెబుతూ నా ప్రయోగశాల వాసనలను ఓర్చుకున్న మిత్రులకు, ముందు వరుసలో కూర్చుని ‘తొందరగా ముగించండి’ అని కళ్ళతోనే హెచ్చరిస్తున్న నా భార్య రాజలక్ష్మికి, అందరికీ నమస్కారం. (నవ్వులు)

మొన్న కళాశాలలో జరిగిన సభలో నాకు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ వీడ్కోలు చెప్పారు. నేనూ ఆ రెండు భాషల్లోనే బదులు చెప్పి, దండ వేయించుకుని, ఫొటో తీయించుకుని ఇంటికి వచ్చాను. అంతా బాగానే జరిగింది కాని, ఇంటికి వచ్చాక చెప్పవలసినది చెప్పలేదే అనిపించింది. మనసులో ఉన్నది అమ్మ దగ్గర నేర్చుకున్న మాటలోనే సరిగ్గా బయటికి వస్తుందేమో. ఈ రోజు ఆ మాటలో మాట్లాడుకునే చోటు కల్పించారు. అందుకు ముందుగా మీకు నా కృతజ్ఞత.

కోదండరామయ్యగారు హైస్కూలు హెడ్మాస్టరుగా ఈ ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించినవారు కాబట్టి ఆయన మాటను కాదనే ధైర్యం నాకు లేదు. ‘ద్వారకనాథ్ ఎందరో శాస్త్రజ్ఞులను తయారుచేశాడు’ అన్నారు. అయ్యా, నా విద్యార్థుల్లో ఎక్కువమంది బ్యాంకుల్లో ఉన్నారు. (నవ్వులు) అదిగో, మూడో వరుసలో గట్టిగా నవ్వుతున్నవాళ్ళు వాళ్ళే.

నన్ను గురించి రెండు మాటలు చెప్పి అసలు సంగతికి వస్తాను. నాది జవళగిరి. అడవి అంచున మా పొలాలు. రాగులూ అనుములూ పండించుకునే ఇంట్లో పుట్టి, ఎలాగో చదువుకుని, బెంగళూరులో పరిశోధనలో చేరాను. నడిమధ్యలో మా నాన్న పోయారు. తమ్ముళ్ళ చదువులు నామీద పడ్డాయి. పరిశోధన వదిలి కృష్ణగిరిలో ఉపన్యాసకుడిగా చేరాను. దానికి నాకు ఎవరిమీదా కోపం లేదు; ఆ ఉద్యోగం మా ఇల్లు నిలబెట్టింది. కాని ఏటేటా అవే లవణాలు, అవే పరీక్షనాళికలు, అదే కుళ్ళిన గుడ్డు వాసన. బెంగళూరులో నాతో చేరినవాళ్ళ పేర్లు శాస్త్ర పత్రికల్లో కనిపించినప్పుడు, ఆ పుట మీద నా చెయ్యి కాస్త ఎక్కువసేపు ఆగిపోయేది. రాజలక్ష్మికి తెలుసు. కాఫీ తెచ్చి పెట్టి వెళ్ళిపోయేది.

అలాంటి రోజుల్లో, 1978లో అనుకుంటాను, ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఒక అమ్మాయి నా గది ముందుకు వచ్చి నిలబడింది. అమ్మాయి అంటున్నాను కాని ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, ఇక్కడే హోసూరులో ఒక రంగుల ఫ్యాక్టరీలో ప్రయోగశాలను నడిపే అధికారిణి. కోమలా, ఒకసారి లేచి నిలబడమ్మా. లేవదట. సరే, కూర్చో. అప్పుడూ అంతే, తన మాటే నెగ్గాలి. (నవ్వులు)

ప్రాజెక్టుకు అంశం ఎంచుకోమంటే అందరూ నా దగ్గరున్న పాత అంశాల్లోంచి ఒకటి తీసుకునేవారు. ఈమె తన అంశం తానే తెచ్చుకుంది.

“సార్, మా అమ్మ పని చేసే కార్ఖానాలో పొగ వస్తాది గదా, అది గొట్టం దాటి బయటికి పోకముందే దాన్ని కాల్చేదానికి అయితుందా?” అని అడిగింది.

“పొగని కాల్చేదా?”

“అవును సార్. పుస్తకంలో చదివినాను. ఉత్ప్రేరకం పైన పోతే, తక్కువ వేడికే కాలిపోతాదంట.”

ఆ కార్ఖానా సంగతి తెలియనివారికోసం చెబుతాను. ఇక్కడి బజారులో మూడు తరాలుగా ఇనుప సామాన్ల అంగడి నడుపుతున్న కుటుంబంవారు మన కేశవమూర్తిగారు. అదిగో, స్తంభం పక్కన కూర్చున్నారు. హోసూరుకు ఫ్యాక్టరీలు వస్తున్న కాలంలో ఆయన ధైర్యం చేసి, అంగడి వెనక వీధిలో ఒక షెడ్డు వేసి, మోటార్లలో చుట్టే రాగి తీగకు వార్నిష్ పూసి కాల్చే పని మొదలుపెట్టారు. పనివాళ్ళంతా ఆడవాళ్ళు, ఆ చుట్టుపక్కల పల్లెలవాళ్ళు. వాళ్ళలో కోమల తల్లి పుట్టమ్మగారు ఒకరు. భర్త పోయాక ఆ పనితోనే కూతురిని చదివించింది. అయితే వార్నిష్ కాలేటప్పుడు ఒక ఆవిరి వచ్చేది. ఆసుపత్రిలో కార్బాలిక్ వాసన ఉంటుంది చూడండి, దాన్ని పదింతలు చేసి గొంతులో పోసినట్టు ఉండేది. షెడ్డులో పనిచేసేవాళ్ళకు దగ్గు, వీధిలో ఉండేవాళ్ళకు కళ్ళ మంట. వీధి పెద్ద సుబ్బరాయప్పగారు అందరి చేతా సంతకాలు పెట్టించి అధికారులకు అర్జీ ఇచ్చారు. కేశవమూర్తిగారితో ముఖం మీదే చెప్పారట: “మూర్తీ, నీ కార్ఖానా అయినా ఈడ ఉండల్ల, మేమైనా ఈడ ఉండల్ల.”

ఆయన కోపంలో తప్పు లేదు. వీధిలో పసిపిల్లలున్నారు. కాని కార్ఖానా మూస్తే పుట్టమ్మగారికీ ఆమెతోటివాళ్ళకూ పని పోతుంది. నడిస్తే ఊపిరి పోతుంది. ఈ రెండింటి మధ్యా నిలబడి ఆ అమ్మాయి నన్ను ఆ ప్రశ్న అడిగింది.

ఉత్ప్రేరకం అంటే కష్టమైన సంగతేమీ కాదు. తాను ఖర్చు కాకుండా, తన మీదుగా పోయే వాటి మార్పును సులువు చేసే పదార్థం. రాగి, మాంగనీసు కలిసిన నల్లటి ఆక్సైడు ఒకటుంది. దాని మీదుగా వేడి గాలితో కలిసి ఆ ఆవిరి పోతే, మంట లేకుండానే కాలిపోయి నీరుగా, బొగ్గుపులుసు గాలిగా, అంటే కార్బన్ డయాక్సైడుగా మారిపోతుంది. వాసన ఉండదు. కోమల దాన్ని గాజుబీకరులో తయారుచేసింది. శుద్ధమైన లవణాలు, స్వేదనజలం, వడపోత కాగితం, చిన్న విద్యుత్ కొలిమి. చిటికెడు నల్లటి పొడి వచ్చింది. దాన్ని గాజుగొట్టంలో పెట్టి, వేడిచేసి, ఒక పక్కనుంచి వార్నిష్ ఆవిరి పంపింది. రెండో పక్క సున్నపుతేట పాలలా తెల్లబడింది, అంటే ఆవిరి కాలి బొగ్గుపులుసు గాలి వస్తోందన్నమాట. నేను ముక్కు పెట్టి చూశాను. ఏ వాసనా లేదు. మళ్ళీ చూశాను. బెంగళూరు వదిలాక ఏదైనా కొత్తది జరిగే చోట నేను నిలబడటం అదే మొదటిసారి. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళకుండా దాదాపు పరుగెత్తాను.

డిగ్రీకి అది చాలు. ‘రాసెయ్యమ్మా’ అన్నాను. ఆమె ఆ పొడిని ఒక డబ్బీలో వేసుకుని కేశవమూర్తిగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన మూత తీసి చూసి, నవ్వకుండానే ఇలా అన్నారట:

“పాపా, ఇంత పొడి పెట్టుకుని నేనేం చేసేది? నా గొట్టానికి గంపలు గంపలు కావల్ల. అంత చేసిచ్చేదానికి అయితే చెప్పు, నీ తిక్కకు నేనూ తోడు వస్తాను. ఎండాకాలంలోపల పొగ నిలిచిపోకపోతే నా షెడ్డుకు బీగం వేస్తారు.”

తిరిగి వచ్చి నాతో చెప్పింది. నేను నవ్వాను. “చిటికెడు చేసినవాళ్ళం గంపెడు చెయ్యలేమా? అన్నీ అదే లెక్కన పెంచితే సరి” అన్నాను. అప్పటికి నేను బడి లెక్కల దారిలోనే ఆలోచించేవాణ్ణి. (నవ్వులు)

శుద్ధమైన లవణాలు గంపలకొద్దీ కొనే స్తోమత మాకు లేదు కాబట్టి, రాగి లవణంగా మామిడి తోటలవాళ్ళు మందు కొట్టడానికి వాడే మైలుతుత్తం తెచ్చాం, అలాంటి మోటు మాంగనీసు లవణమే తెచ్చాం, బట్టల సోడా తెచ్చాం. ప్రయోగశాల వెనక సిమెంటు తొట్టి. కలపడానికి మనిషి కావాలి. సూళగిరి పక్క పల్లెలో సేద్యం చేసే ఇంటినుంచి వచ్చిన తిమ్మరాజు, అప్పుడు కోమల క్లాసులోనే ఉండేవాడు, చేతులకు బలం ఉందని వాణ్ణి పిలిచాం. ఇప్పుడు కావేరిపట్టణంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పెద్ద అధికారి. అప్పుడు మాత్రం పంచె ఎగ్గట్టి తొట్టిలో కర్ర తిప్పుతూ, “సార్, సంగటి కెలికేదానికన్నా ఇది జాస్తి కష్టంగా ఉండాది” అని గొణిగేవాడు. ముద్దను పాత పంచెల్లో వడకట్టాం, నీళ్ళు పోసి కడిగాం. తరువాత ఆ ముద్దను కణికలుగా చెయ్యాలి కదా, ఎలా అని ఆలోచిస్తుంటే కోమల నేరుగా మా ఇంటికి వెళ్ళి రాజలక్ష్మిని మురుకుల గొట్టం అడిగింది. రాజలక్ష్మి ఏ వంటకమో అనుకుని ఇచ్చింది. సాయంత్రం వచ్చి చూస్తే, ప్రయోగశాల వరండాలో చాపల మీద వరసగా ఆకుపచ్చ మురుకులు ఆరుతున్నాయి. (పెద్దగా నవ్వులు) ఆ గొట్టం మళ్ళీ మా వంటింట్లోకి రాలేదు. దాన్ని గురించి ఇంతవరకు ఆమె ఒక్క మాట అనలేదు. ఈ రోజు అందరి ముందూ చెబుతున్నాను, నాకు తెలుసు, అది నీ పుట్టింటివాళ్ళు ఇచ్చిన గొట్టం.

ఆరిన కణికలను కాల్చడానికి అంత పెద్ద కొలిమి మాకెక్కడిది? కావేరిపట్టణంలో ఏటి ఒడ్డున కుమ్మరి ఆవం ఉంటే, వారిని అడిగి కుండల మధ్య పెట్టి కాల్చాం. బయటికి తీస్తే నల్లగా, గట్టిగా, చేతిలో వేసుకుంటే గలగలమనేలా వచ్చాయి. ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను. బస్సు పైన వేసుకుని హోసూరు తెచ్చాం. కేశవమూర్తిగారు పొగగొట్టంలో జల్లెడ తట్టలు పెట్టించి సిద్ధంగా ఉన్నారు.

తీగను కాల్చే ఓవెన్ వెలిగించారు. షెడ్డులోని ఆడవాళ్ళంతా బయటికి వచ్చి తలెత్తి చూశారు. సుబ్బరాయప్పగారు తన గడపమీద నిలబడి చూశారు. పొగ వచ్చింది. వేడెక్కితే తగ్గుతుంది అన్నాను. వేడెక్కింది. పొగ అలాగే వచ్చింది. అదే రంగు, అదే వాసన. సుబ్బరాయప్పగారు లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ తలుపు చప్పుడు నాకు ఇంకా వినిపిస్తుంది.

పుట్టమ్మగారు దగ్గుతూ వచ్చి కూతురి భుజం పట్టుకుని, “పోనీలే పాపా, ఎండలో నిలబడొద్దు, రా” అంది. కోమల కదలలేదు. నిచ్చెన వేయించి, తట్టలోనుంచి కాసిన్ని కణికలు తీయించి, కొంగులో మూటగట్టుకుని బస్సెక్కింది.

అక్కడే ఆపేసి ఉండవచ్చు. పరీక్షలు ముంచుకొస్తున్నాయి. ఒక హైస్కూలువాళ్ళు డిగ్రీ చేతికి రాగానే ఆమెకు ఉద్యోగం ఇస్తామన్నారు. గురువుగా నేను చెప్పవలసినది చెప్పాను: “బీకరులో చేసిన పనికి ఏ లోపమూ లేదు. అంతవరకు రాసి ఇయ్యి. డిగ్రీ తీసుకో. మీ అమ్మకు కాస్త సుఖం.”

ఆమె తల వంచుకుని వింది. తరువాత అంది: “సార్, చిన్నదాంట్లో వచ్చింది, పెద్దదాంట్లో రాలేదు. ఆ నడమ ఏమైందో తెలుసుకోకుండా నేనేమని రాసేది? వచ్చిందనా, రాలేదనా?”

ఆమె అడిగింది న్యాయమే. కాని పరీక్ష వాయిదా వేసుకుంటే ఆ ఉద్యోగం పోతుంది. ఆమె ఇంటి పరిస్థితి నాకు తెలుసు. తల్లికి చెప్పకుండా నేను ఒప్పుకోను అన్నాను.

రెండు మూడు రోజుల్లో పుట్టమ్మగారే మా ఇంటికి వచ్చారు. హోసూరు నుంచి వచ్చిన మనిషి కనీసం కుర్చీలో కూర్చోలేదు, గడప దగ్గరే నేలమీద కూర్చుంది. రాజలక్ష్మి మజ్జిగ ఇచ్చి పక్కన కూర్చుంది. కూతురికి బుద్ధి చెప్పమని అడగడానికే వచ్చిందనుకున్నాను. ఆమె ఇలా అంది, మాట మాటా నాకు గుర్తుంది:

“సార్, నా దగ్గు కోసరమని అది సదువు చెడగొట్టుకునేట్లుంటే వద్దని చెప్పండి. నా దగ్గు నేను చూసుకుంటాను. నా కోసరం ఎవురూ ఏమీ పోగొట్టుకోవద్దు. అట్ల కాకుండా, ఆ పని ఎట్ల తప్పిందో దానికే తెలుసుకోవల్లని ఉంటే మాత్రం, మీరు ఆపొద్దండి. ఆ బిడ్డ చిన్నప్పటినుంచీ అట్లే. తెలిసేదాకా అన్నం ముట్టదు.”

“ఉద్యోగం పోతుందమ్మా” అన్నాను.

“పోతే ఇంకొకటి వస్తాది సామీ. ఇన్ని దినాలు నేను కష్టపడింది అది ఉద్యోగం చేసేదానికి ఒక్కటేనా?” అని నన్నే అడిగింది.

పుట్టమ్మగారూ, మీరు ఈ సభకు వచ్చినందుకు నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఎంతోమంది పండితుల ఉపన్యాసాలు విన్నాను. చదువు దేనికి అన్నదానికి మీరు ఆ రోజు గడప దగ్గర చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

కోమల పరీక్ష వాయిదా వేసుకుంది. అప్పుడు కేశవమూర్తిగారు చేసిన పని కూడా చెప్పాలి. ఆయన అధికారుల దగ్గరికి తానే వెళ్ళి, బీగం వేయనవసరం లేదు, నేనే ఓవెన్ ఆర్పేస్తాను, నాకు వానాకాలం దాటేదాకా గడువు ఇవ్వండి అని అడిగి తెచ్చుకున్నారు. ఓవెన్ ఆగినా ఆడవాళ్ళను ఇంటికి పంపలేదు. మోటార్లకు తీగ చుట్టే పని బయటినుంచి తెచ్చి వాళ్ళకు ఇచ్చారు. లాభం లేని పని అని బంధువులు ఎగతాళి చేశారట. మూర్తిగారూ, మీరు ఆ రోజు మామీద ఉంచినంత నమ్మకం మాకే మామీద లేదు. (చప్పట్లు)

ఇక వెతకడం మొదలైంది. కొంగులో తెచ్చిన కణికలను కోమల నూరి, నీళ్ళలో కలిపి, బేరియం ద్రావణం చుక్క వేసింది. పాలు విరిగినట్టు తెల్లగా దిగింది. అంటే మైలుతుత్తంలోని గంధకం భాగం ఇంకా అందులోనే ఉంది, ఉత్ప్రేరకాన్ని చంపేస్తోంది. బీకరులో పల్చటి పొరను కడిగినప్పుడు నీళ్ళు ప్రతి రేణువునూ తాకాయి. పంచెలో అంత మందం ముద్దను కడిగితే నీళ్ళు పైపైనే జారిపోయాయి, నడుమ ఉన్నది నడుమే ఉండిపోయింది. ఇది ఒకటి. తిమ్మరాజు తొట్టి అడుగున మిగిలిన ముద్దను కోసి తెచ్చి, “సార్, ఇది చూడండి, చీర అంచు మాదిరి ఉండాది” అన్నాడు. ఒక చోట పచ్చ, ఒక చోట గోధుమ రంగు. తొట్టి ఒక మూలనుంచి సోడా గుమ్మరించాం, రాగి ఒక చోట దిగింది, మాంగనీసు ఇంకో చోట దిగింది. రెండూ కలిసి దిగితేనే పని చేస్తాయి. ఆవం సంగతి చెప్పనక్కరలేదు. కుండలు కాలే వేడికి రేణువులు కరిగి, ఆవిరి దూరే సందు లేకుండా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. చూడటానికి అందంగా ఉన్నది అందుకే!

పెద్దది చెయ్యడమంటే చిన్నదాన్ని అన్నన్ని రెట్లు చెయ్యడం కాదని నాకు అప్పుడు తెలిసింది. నీళ్ళకు, వేడికి, కలిపే చేతికి మన గుణకారాలు తెలియవు. పాఠం చెప్పే వయసులో పాఠం నేర్చుకోవడం ఎంత బాగుంటుందో ఆ నెలల్లో తెలిసింది.

ఈసారి ఒక్కసారిగా తొట్టికి పోలేదు. గ్లాసునుంచి చెంబుకు, చెంబునుంచి బిందెకు, బిందెనుంచి తొట్టికి. ప్రతి మెట్టులోనూ గాజుగొట్టంలో పెట్టి పరీక్ష. పాడైతే వెనక్కి. రెండు ద్రావణాలనూ రెండు పక్కలనుంచి సన్నటి ధారగా, ఒకేసారి, తిప్పుతున్న నీళ్ళలోకి వదిలాం. ముద్ద కట్టనివ్వకుండా పల్చగా ఉంచి, అడుగుకు దిగనిచ్చి, పైనీళ్ళు వంపి, మళ్ళీ నీళ్ళు పోసి, మళ్ళీ దిగనిచ్చి కడిగాం. దానికి శుద్ధమైన నీళ్ళు కావాలి. మా బావి నీళ్ళలో లేని లవణం లేదు. స్వేదనజలం తొట్టెలకొద్దీ ఎక్కడ తేవడం? వానకోసం చూశాం. కృష్ణగిరిలో మేఘం కనిపిస్తే రైతులకన్నా ముందు మేం బయటికి వచ్చేవాళ్ళం. ఆ ఏడు మొదటి పెద్ద వాన పడ్డ రోజు, మా ఇంట్లో ఉన్న బిందెలు, అండాలు, చివరికి పెళ్ళిలో ఇచ్చిన గంగాళం కూడా కళాశాల చూరు కింద వరసగా నిలబడ్డాయి. రాజలక్ష్మే రిక్షాలో వేయించుకుని తెచ్చింది. కొంగు నెత్తిన వేసుకుని వానలో నిలబడి, “ఈ మాటు అయితుందా కోమలా?” అని అడిగింది. “అయితుందమ్మా” అంది కోమల. ఆమె అంత ధైర్యంగా చెప్పడం అదే మొదటిసారి.

బేరియం చుక్క వేస్తే నీళ్ళు తేటగా ఉండిపోయిన రోజు తిమ్మరాజు తొట్టి చుట్టూ ఈలలు వేస్తూ తిరిగాడు. ప్రిన్సిపాలుగారు కిటికీలోంచి చూస్తున్నారని నేను సైగ చేస్తున్నా వాడు ఆగలేదు. (నవ్వులు)

కాల్చడానికి కోమల హోసూరంతా తిరిగి, ఒక బేకరీవాళ్ళు కొత్త బట్టీ కట్టుకుని వదిలేసిన పాత బట్టీని కనిపెట్టింది. మళ్ళీ అందులో రొట్టె కాల్చకూడదన్న మాట మీద అడిగి తీసుకున్నాం. కట్టెలు మండించి, ఇటుకలు బాగా వేడెక్కాక నిప్పంతా బయటికి లాగేసి, ఊడ్చి, తట్టలు లోపల పెట్టి తలుపు మూశాం. పొగ లేదు, మంట లేదు, ఇటుకల నిలకడైన వేడి మాత్రమే. ఈసారి వచ్చిన కణికలు అందంగా లేవు. మసిబారి, కాస్త పెళుసుగా, గరుకుగా ఉన్నాయి. గాజుగొట్టంలో పెట్టి చూస్తే ప్రాణం ఉన్నవాటిలా పనిచేశాయి.

మళ్ళీ అదే షెడ్డు, అదే గొట్టం. మొదట పొగ వచ్చింది. వీధిలో ఎవరో నవ్వారు. ఉత్ప్రేరకం చల్లగా ఉంటే పనిచేయదని నాకు తెలుసు, కోమలకు తెలుసు, అయినా ఇద్దరం గొట్టం మీదినుంచి కళ్ళు తిప్పలేదు. కేశవమూర్తిగారు వేడి కొలిచే గడియారం ముందు నిలబడ్డారు. ముల్లు పైకి కదులుతోంది. పొగ పల్చబడింది. ఇంకా పల్చబడింది. తరువాత గొట్టం పైన ఎండలో గాలి వణుకుతున్నట్టు కనిపించింది, అంతే. దాని వెనక ఉన్న కొండ స్పష్టంగా కనిపించింది.

సుబ్బరాయప్పగారు కర్ర పట్టుకుని రోడ్డు దాటి వచ్చారు. షెడ్డు గోడ పక్కన నిలబడి గట్టిగా ఊపిరి పీల్చారు. ఇంకోసారి పీల్చారు. “ఏమి మూర్తీ, ఓవెను వెలిగించినావా లేదా?” అని అడిగారు.

“లోపలికి రాప్పా, నువ్వే చూడు” అన్నారు కేశవమూర్తిగారు.

ఆయన లోపలికి వెళ్ళి, ఎర్రగా ఉన్న ఓవెన్‌ను చూసి, తీగ మెరుస్తూ బయటికి రావడం చూసి, వెనక్కి తిరిగి, “ఎవురమ్మా చేసింది?” అని అడిగారు. ఆడవాళ్ళంతా కోమలను ముందుకు తోశారు. ఆయన ఆమె తలమీద చెయ్యి పెట్టారు. ఆయన ఇప్పుడు లేరు. అర్జీ ఇచ్చిన చేతితోనే అర్జీ వాపసు తీసుకుంటూ రాసి ఇచ్చారు.

పుట్టమ్మగారు మాత్రం షెడ్డు లోపల తన చోటుకు వెళ్ళి కూర్చుని, తీగ అందుకుని పని మొదలుపెట్టింది. కాసేపటికి తలెత్తి, “ఏయ్, ఈడ మాట్లాడుకుంటే వినబడతా ఉండాదే!” అంది పక్కావిడతో. అందరూ దగ్గుతూ ఉండే చోట మాటలు వినిపించడం వాళ్ళకు కొత్త.

ఆ తరువాత కథ అంతా తేలికగా జరిగిందని అబద్ధం చెప్పను. ఉత్ప్రేరకం ఏడాది తిరిగేసరికి అలసిపోయేది. కోమల తరువాతి విద్యార్థులు, ఇక్కడ ఉన్నారు కొందరు, ప్రతి వానాకాలమూ కొత్తది చేసి ఇచ్చేవారు, కేశవమూర్తిగారు కొత్త యంత్రం కొనేదాకా. పుట్టమ్మగారి దగ్గు తగ్గింది కాని పూర్తిగా పోలేదు. చలికాలంలో ఇంకా ఉందని కోమల చెప్పింది. చేతిదాకా వచ్చిన హైస్కూలు ఉద్యోగం పోయింది. రెండేళ్ళు ట్యూషన్లు చెప్పుకుంటూ గడిపింది.

వైవా రోజు సంగతి ఒకటి చెప్పాలి. మద్రాసు నుంచి వచ్చిన పరీక్షకులు పెద్దమనిషి, ముక్కుసూటి మనిషి. సిద్ధాంత వ్యాసం తిరగేసి, “విఫలమైన ప్రయోగానికి ఇన్ని పుటలు రాశావు, విజయానికి ఇంతేనా?” అని అడిగారు. కోమల చెప్పింది: “బాగా వచ్చింది ఎట్ల చేసినానో చదివినవాళ్ళకు ఎట్లాగూ అర్థమవుతుంది సార్. చెడిపోయింది ఎందుకు చెడిపోయిందో రాయకపోతే, ఇంకొకరు మళ్ళీ అదే చెడగొట్టుకోవల్ల.” ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, నావైపు చూసి, “మీరు అదృష్టవంతులు” అన్నారు. అవును. అదృష్టవంతుణ్ణే. ఆ మాట అప్పుడు ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు, ఈ రోజు ఒప్పుకుంటున్నాను.

ఎందుకంటే, అప్పటిదాకా నేను వదిలేసి వచ్చిన పరిశోధన బెంగళూరులో ఉందనుకునేవాణ్ణి. సిమెంటు తొట్టి పక్కన, తడిసిన పంచెల మధ్య, తిమ్మరాజు గొణుగుడు వింటూ అది నాకు దొరికింది. పత్రికల్లో నా పేరు రాలేదు. ఇప్పుడు ఆ పుటలు తిరగేస్తున్నప్పుడు చెయ్యి ఆగడం లేదు. కోమలా, తిమ్మరాజూ, పుట్టమ్మగారూ, మూర్తిగారూ, దానికి మీకు ఏమిచ్చి ఋణం తీర్చుకోవాలో నాకు తెలియదు. రాజలక్ష్మీ, నీకు చెప్పవలసినది ఇంటికి వెళ్ళాక చెబుతాను, ఇక్కడ చెబితే నీకు కోపం వస్తుంది. (నవ్వులు)

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఈ ఉదయం బస్సు దిగి, సభకు ఇంకా వేళ ఉందని ఆ వీధిలోకి నడిచి వెళ్ళాను. షెడ్డులో ఓవెన్ నడుస్తోంది, చప్పుడు వినిపిస్తోంది. దానికి ఎదురింటి ముందు, తాడు మీద, ఎవరో తెల్లటి పంచెలు, పసిబిడ్డ గుడ్డలు ఆరేశారు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలా ఉంది, బట్టలు దులుపుతూ నన్ను చూసి, “ఎవురు కావల్ల సామీ?” అని అడిగింది.

“ఎవురూ వద్దమ్మా. ఈ వీధిలో ముందు పొగ ఉండేది, తెలుసా?” అన్నాను.

ఆమె చుట్టూ చూసి, “పొగా? ఈడ యాడ పొగ సామీ?” అంది, నేను వీధి తప్పి వచ్చిన ముసలివాణ్ణి అనుకుని, జాలిగా.

నేను అక్కడే కొంతసేపు నిలబడి, కడుపునిండా ఆ గాలి పీల్చుకుని ఇక్కడికి వచ్చాను.

అధ్యక్షులవారికి, ఇంత ఓపికగా విన్న మీ అందరికీ, మనసారా ధన్యవాదాలు. ఇక నాకు సెలవు ఇప్పించండి.